రోజూ తిరిగే టైర్లు

ఆ ఏడు అక్టోబరులో పడ్డ మొదటి వానకే మైసూన్ కారు వెళ్ళి ఆలివ్ తోట గోడకు గుద్దుకుంది.

మైసూన్ అజ్లూన్ ఊరి ఆరోగ్య కేంద్రంలో ప్రసవాలు చేసే నర్సు. ఆ కొండల్లో సగం మంది పసిపిల్లలు కళ్ళు తెరిచి మొదట చూసింది ఆమె ముఖమే. ఫోను మోగితే చాలు, కాన్పు సంచీ వెనక సీటులో పడేసి, తన చిన్న ఎర్ర కారు వేసుకుని బయల్దేరుతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఐన్ సఫ్‌సాఫ్ అనే పల్లె నుంచి పిలుపు వచ్చింది. పల్లె ఇంకా కొద్ది దూరంలో ఉందనగా దిగుడు మలుపు దగ్గర బ్రేకు నొక్కింది. చక్రాలు ఆగాయి కానీ కారు ఆగలేదు. తడి బండ మీద సబ్బు బిళ్ళలా జారుకుంటూ పోయి, రాతి గోడను కొట్టుకుని నిలబడింది. గోడ మీది రాళ్ళు రెండు మూడు బానెట్ మీదికి దొర్లాయి. ముందు బంపరు ఊడి వేలాడింది.

మైసూన్ తన చేతులూ కాళ్ళూ కదిలించి చూసుకుంది. అన్నీ సరిగానే ఉన్నాయి. సంచీ భుజాన వేసుకుని వానలో తడుస్తూ నడిచి వెళ్ళి కాన్పు చేసింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ఇంటివాళ్ళు సేజ్ ఆకు వేసి కాచిన టీ ఇస్తే తాగి, తిరిగి కారు దగ్గరకు వచ్చి, చక్రాల ముందు గొంతుక్కూర్చుంది.

అవి కిందటి మే నెలలో కొండ మీదికి జరిగే కార్ల పోటీ కోసం వేయించిన టైర్లు. మెత్తటి రబ్బరు, పైన గాడులు పేరుకే ఉన్నాయి. ఎండలో తారు రోడ్డును జిగురులా పట్టుకున్నాయి. అందుకే పోటీ అయ్యాక కూడా వాటిని తీయడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. వేసవంతా వాటి మీదే తిరిగింది. ఇప్పుడు నీళ్ళు పోయే దారి లేక ఆ నున్నటి టైర్లు నీటి పొర మీద తేలాయి.

'కాన్పు అయ్యేదాకా ఆ తల్లి నన్ను నమ్ముకుని కూర్చుంది. నేనేమో వీటిని నమ్ముకుని వచ్చాను' అనుకుంది.

సాయంత్రం ఆమె మరిది గస్సాన్ తన ట్రక్కు తెచ్చి కారును లాక్కెళ్ళాడు. గస్సాన్‌కు కార్లకు రంగులేసే షెడ్డు ఉంది. పోటీల కోసమే ఒక కారు ఉంచుకున్నాడు. దాన్ని ఎప్పుడూ రోడ్డు మీద నడపడు, ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్తాడు. ఆ మెత్తటి టైర్లు వేసుకొమ్మని వదినకు సలహా ఇచ్చింది కూడా అతనే.

"వదినా, గోడకేం కాలేదు కదా?" అన్నాడు తాడు కడుతూ.

"గోడ బాగానే ఉంది. నీ టైర్లే కొంచెం సిగ్గుపడుతున్నాయి."

"నా టైర్లనకు! వానలో వేసుకు తిరగమని నేను చెప్పానా? పోటీకి ఒక జత, ఊరికి ఒక జత పెట్టుకో. నాకు మూడు జతలున్నాయి."

"నీకు షెడ్డుంది. నాకేముంది? డిక్కీలో ఆక్సిజన్ సిలిండరు, మంచం కింద అత్తయ్య పచ్చడి జాడీలు. నాలుగు చక్రాలు నెత్తిన పెట్టుకుని తిరగనా?"

"పోటీ రోజు తెచ్చి అక్కడే మారుస్తాను. శుక్రవారం ఒక్క పూట."

"శుక్రవారం పిల్లలు పుట్టరా? నేను కొండ మీద ఉండగా ఫోను వస్తే, జాకీ వేసి ఒక్కో చక్రం విప్పుతూ కూర్చోనా? అటు ఆ తల్లికి నొప్పులు ఆగుతాయా?"

గస్సాన్ తాడు ముడి బిగించాడు. "అయితే పోటీ మానెయ్. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఎట్లా?" అన్నాడు.

ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట నడిచింది. అత్తగారు ఉమ్ జియాద్ మఖ్లూబా గిన్నెను పళ్ళెంలోకి బోర్లించి, అడుగును నాలుగు దెబ్బలు కొట్టి పైకెత్తింది. వంకాయ ముక్కలూ అన్నమూ చెక్కు చెదరకుండా గోపురంలా నిలబడ్డాయి.

"అది పోటీ ఎందుకు మానాలిరా? కారు మానేస్తుంది. ఒక గాడిదను కొనివ్వు. టైర్ల గొడవే ఉండదు" అంది చిన్న కొడుకుతో.

అందరూ నవ్వారు. మైసూన్ కూడా నవ్వింది కానీ, ఆమె మనసులో మాట అప్పటికే గట్టిపడింది. ఏడాదిలో ఒక్క శుక్రవారం, మూసేసిన కొండ రోడ్డు మీద, ఎవరి కోసమూ కాకుండా తన కోసం తాను కారు నడిపే ఆ కొద్ది నిమిషాలను ఆమె వదులుకోదు. అలాగని కాన్పుకు వెళ్ళే దారిలో ఇంకోసారి జారనూ జారదు. రెండింటికీ పనికొచ్చే ఒకే జత టైర్లు ఎక్కడో ఉండి తీరాలి. వెతుకుతుంది.

భర్త జియాద్ ఆమె పళ్ళెంలో ఇంకో వంకాయ ముక్క వేశాడు. అతను బడిలో రసాయన శాస్త్రం చెబుతాడు. కారు ఎంత నెమ్మదిగా నడుపుతాడంటే పిల్లలు వెనకాల "తాబేలు మాస్టారు" అంటారు. పడుకోబోయే ముందు, "దొరికే దాకా నా కారు తీసుకెళ్ళు. అది జారేంత వేగంగా ఎప్పుడూ వెళ్ళలేదు" అన్నాడు.

వెతకడం అనుకున్నంత తేలిక కాలేదు. అమ్మాన్‌లో టైర్ల కొట్లు వీధి పొడుగునా ఉన్నాయి. ప్రతి కొట్టువాడూ తన దగ్గర ఏది మిగిలిపోయిందో అదే లోకంలోకెల్లా మంచి టైరని ప్రమాణం చేశాడు. ఇంటర్నెట్‌లో రాసేవాళ్ళంతా ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో. వాళ్ళ వాన వేరు, రోడ్డు వేరు. అజ్లూన్‌లో వేసవంతా రోడ్డు మీద పేరుకున్న నూనే దుమ్మూ మొదటి వానకు కలిసి గంజిలా అవుతాయని వాళ్ళకేం తెలుసు?

అయినా చదివింది. టైరు పక్కన అచ్చువేసే అరుగుదల సంఖ్య చూడటం నేర్చుకుంది. ఆ సంఖ్య చిన్నదైతే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది. పెద్దదైతే ఏళ్ళ తరబడి మన్నుతుంది, కానీ మలుపులో పట్టు వదిలేస్తుంది. తనను గోడకు కొట్టిన టైర్లది నూరు. టాక్సీల వాళ్ళు వాడేవి ఐదారు వందలు. తనకు కావలసింది ఆ మధ్యలో ఎక్కడో ఉంది. నీళ్ళు పోవడానికి చుట్టూ లోతైన గాడులుండాలి, మలుపులో మడతపడకుండా పక్కలు గట్టిగా ఉండాలి, చలికాలపు పొద్దున కూడా రబ్బరు కొయ్యబారకూడదు. మంచు పడే నాలుగు రోజులూ ఎలాగూ ఆరోగ్య కేంద్రం వాళ్ళ జీపు వస్తుంది కాబట్టి మంచు లెక్క వదిలేసింది. అలా వడగట్టగా మూడు రకాలు మిగిలాయి.

ఆ మూడింట్లో ఏది మంచిదో చెప్పగలిగేది వాటిని వేసుకుని ఈ కొండల్లో తిరిగేవాళ్ళే. అందుకని ఆమెకు కొత్త అలవాటు పట్టుకుంది. ఎక్కడ కారు ఆగి ఉన్నా ముందు చక్రాలు చూసేది, తర్వాతే మనుషుల్ని చూసేది.

నవంబరులో ఇర్బిద్ పట్నంలో బంధువుల పెళ్ళి. సాయంత్రం వాన వెలిసింది. కుట్టుపని చేసిన నల్ల గౌను, చెవులకు జుంకాలు, ఎత్తు మడమల చెప్పులతో మైసూన్ హాలు బయట ఒక పసుపు పచ్చ టాక్సీ పక్కన గొంతుక్కూర్చుని చక్రాన్ని వేళ్ళతో తడుముతోంది. మూడు రకాల్లో ఒకటి అది! టాక్సీకి అలాంటి టైరా అని ఆమెకు నమ్మకం కలగడం లేదు.

"ఏమ్మా, నా బండి కింద పిల్లేమన్నా దూరిందా?" అని గొంతు వినిపించింది. టాక్సీ యజమాని, యాభై దాటిన మనిషి, చేతిలో కాఫీ కప్పు.

"లేదన్నా. మీ టైరు చూస్తున్నా."

"ముప్ఫయ్యేళ్ళుగా టాక్సీ తోలుతున్నా. మీటరు చూసేవాళ్ళున్నారు, నా ముఖం చూసేవాళ్ళున్నారు. టైరు చూసిన మనిషివి నువ్వే. దొంగతనం ఆలోచనేమన్నా ఉందా?"

"ఉంటే ఈ చెప్పులు వేసుకొస్తానా? వానలో ఎట్లా ఆగుతుందో చెప్పండి."

"చెప్పేదేంటి, ఎక్కు" అన్నాడాయన తలుపు తెరిచి.

ఆయన పేరు అబూ సఖర్. హాలు వెనకాల తడి వాలు రోడ్డు మీదికి తీసుకెళ్ళి, వేగం పెంచి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. టాక్సీ ముక్కు నేలకు దించి, గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మైసూన్ ముఖం వెలిగింది.

"మలుపులో?"

"కొంచెం ఒరుగుతుంది. గాలి కాస్త ఎక్కువ కొట్టిస్తా, సర్దుకుంటుంది. సవారీ వాళ్ళు గతుకుల్లో తిట్టుకుంటారనుకో."

"మిగతా టాక్సీల వాళ్ళు గట్టివి వేస్తారు కదా? మీరు ఇవెందుకు?"

"వాళ్ళు ఆగుతారో లేదో వాళ్ళిష్టం. నేను ఆగాల్సిందే. వెనక సీట్లో జనాలుంటారు" అన్నాడు అబూ సఖర్.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి జియాద్ రెండు పళ్ళాల్లో కునాఫా మిఠాయి పట్టుకుని పార్కింగ్ అంతా వెతుకుతున్నాడు. భార్య ముక్కూ ముఖం తెలియని టాక్సీలోంచి దిగి, "దొరికింది అనుకుంటా" అనగానే ఏం దొరికిందో అతను అడగలేదు. ఒక పళ్ళెం అబూ సఖర్ చేతిలో పెట్టాడు.

రెండో రకం టైర్లున్న మనిషి జెరష్‌లో మందుల షాపు నడిపే దీమా. మూడో రకం రొట్టెల భట్టీ ఫవ్వాజ్ దగ్గర దొరికింది. మైసూన్ ఇద్దరి కార్లూ అడిగి తానే నడిపి చూసింది. దీమా కారు పొడి రోడ్డు మీద కొండముచ్చులా మలుపుల్ని పట్టుకుంది కానీ, పొద్దున్నే చలిలో బ్రేకు వేస్తే టైర్లు కొయ్యముక్కల్లా గీచుకుంటూ పోయాయి. ఫవ్వాజ్ కారు టైర్లు వానలో బాగానే ఆగాయి, అయితే పక్కలు మెత్తన. మలుపు తిప్పితే కారు ఒకవైపు, చక్రాలు ఒకవైపు ఆలోచించుకుని తర్వాత తిరిగాయి.

"నా దగ్గర పొద్దున్నే రొట్టెలు చల్లారేలోపు ఇళ్ళకి చేరాలి సిస్టర్, వేగం తప్పదు. కానీ ఈ టైర్లు ఊగుతుంటే ట్రేలు జారి అన్నీ ఒక మూలకు పోతున్నాయి" అని ఫవ్వాజ్ వాపోయాడు.

దాంతో తేల్చుకుంది. అబూ సఖర్ వేసినవే. కొట్టువాడు వెంటనే నాలుగు తీసి ముందు పెట్టాడు. మైసూన్ టైరు పక్కన అచ్చువేసిన తయారీ తేదీ చదివి వెనక్కి నెట్టింది.

"ఇవి మూడేళ్ళ కిందటివి. మీ గోదాములో కూర్చుని కూర్చుని ఎండిపోయాయి."

"కొత్తవి రావడానికి చాలా రోజులు పడుతుందమ్మా! నీడలో పెట్టినవి, పాలు తాగే పిల్లల్లా ఉన్నాయి చూడు."

"పాలు తాగే పిల్లల్ని నేను రోజూ చూస్తాను. వీళ్ళకి పళ్ళొచ్చేశాయి. కొత్తవి తెప్పించండి, ఆగుతాను."

ఆగింది. కొత్తవి వచ్చేదాకా జియాద్ పాత కారులో తిరిగింది. డిసెంబరులో టైర్లు ఎక్కించాక శీతాకాలమంతా వాటి మీద కొండలెక్కింది, దిగింది. పొగమంచులో, వానలో, గొర్రెల మందల మధ్య. ఏ తడి మలుపులోనూ అవి ఆమెను కంగారు పెట్టలేదు.

వసంతం రాగానే పోటీ క్లబ్బుకు వెళ్ళింది. క్లబ్బు కార్యదర్శి అబూ హైసమ్ సైన్యంలో చేసి విరమించిన మనిషి. మీసాలు కూడా ఇస్త్రీ చేసుకున్నట్టు ఉంటాడు.

"ఇంజను సైజును బట్టి విభాగాలమ్మా, టైర్లను బట్టి లేవు. ఆ టైర్లతో వస్తే నీ విభాగంలో చిట్టచివర వస్తావు. కిందటేడు మూడో స్థానంలో వచ్చినదానివి, నీకెందుకీ అవమానం?" అన్నాడు.

"చివర రావడం అవమానం కాదు అబూ హైసమ్ గారూ. ట్రక్కు మీద వచ్చిన కారుతో, రోడ్డు మీద వచ్చిన కారును ఒకే వరసలో నిలబెట్టడం తప్పంటున్నా. రోజూ తిరిగే టైర్లకు ఒక విభాగం పెట్టండి. అరుగుదల సంఖ్య రెండు వందలకు తగ్గకూడదు. ఏ టైర్ల మీద ఇంటి నుంచి వస్తారో వాటితోనే పరుగెత్తాలి, వాటితోనే ఇంటికి పోవాలి."

"ఎవరొస్తారు అలా?"

"రానివ్వని పోటీకి ఎవరొస్తారండీ? తలుపు తీస్తే కదా తెలిసేది."

ఆయన మీసం ఒకసారి సర్దుకున్నాడు. "ఐదుగురిని తీసుకురా, పెడతాను. నలుగురైతే లేదు. నిబంధన నిబంధనే."

మైసూన్ ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టింది. అబూ సఖర్ ముందు పగలబడి నవ్వాడు, తర్వాత "టాక్సీని రానిస్తారా?" అని మెల్లగా అడిగాడు. దీమా మాట పూర్తి కాకుండానే ఒప్పుకుంది. ఫవ్వాజ్ ఇప్పుడు మైసూన్ వేయించిన టైర్లే వేయించాడట, అవి ఏ పాటివో చూడాలని అతనికీ సరదాగా ఉంది. తనతో కలిపి నలుగురు. ఐదో మనిషి కోసం తెలిసిన ప్రతి గుమ్మమూ ఎక్కింది. చివరికి తలాల్ అనే ఇంజనీరు, మైసూన్ చేతుల మీద కూతురు పుట్టినవాడు, కాదనలేక సరేనన్నాడు.

మే నెల శుక్రవారం పొద్దున కొండ కింద మైదానం నిండా కార్లు, జెండాలు, పొయ్యిల మీద కాఫీ వాసన. రోడ్డును పోలీసులు పైదాకా మూసేశారు. గస్సాన్ ట్రక్కు మీంచి తన కారు దించుతూ వదిన వాళ్ళ వరసను చూశాడు. ఎర్ర కారు, పసుపు పచ్చ టాక్సీ, మందుల షాపు స్టిక్కరున్న తెల్ల కారు, వెనక సీటులో పిండి మరకలున్న ఫవ్వాజ్ బండి.

"వదినా, ఇది పోటీయా, సంత పార్కింగా?" అని అరిచాడు.

"సంతే. బేరానికి నిన్ను కూడా పెట్టాం, ఎవరూ అడగట్లేదు."

అప్పుడే ఫోను మోగింది. తలాల్. మామగారు చెప్పకుండా ఊడిపడ్డారట, ఆయన్ను వదిలి రావడానికి భార్య ఒప్పుకోవడం లేదట. "క్షమించు సిస్టర్, నా సంసారం నీకు తెలుసు" అంటూ పెట్టేశాడు.

అబూ హైసమ్ వచ్చి వరసను వేలితో లెక్కపెట్టాడు. "నలుగురు. నేను ముందే చెప్పాను. మిమ్మల్ని ఇంజను విభాగాల్లో కలిపేస్తాను, లేదంటే డబ్బు వెనక్కి ఇస్తాను."

దీమా ముఖం మాడ్చుకుంది. అబూ సఖర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. మైసూన్ మాత్రం అక్కడే నిలబడి, "ఇంకా అరగంట ఉంది. చూస్తాను" అని ఫోను జియాద్ చేతికిచ్చి పార్కింగ్ వైపు తిరిగింది. పోటీ చూడ్డానికి వచ్చిన వందల కార్లున్నాయి అక్కడ. ఎవరో ఒకరు దిగకపోతారా? మొదటివాడు నవ్వి చేతులూపాడు. రెండోవాడి భార్య వద్దంది. మూడో కారు టైర్లు నున్నగా అరిగి గుడ్డులా ఉన్నాయి, ఆమే వద్దంది.

ఆమె ఆరో కారు దగ్గర ఉండగా వెనక నుంచి జియాద్ వచ్చాడు. చంకలో టీ ఫ్లాస్కు, చేతిలో ఆమె ఫోను. పోటీ జరిగినంతసేపూ ఆరోగ్య కేంద్రం పిలుపు కోసం ఆ ఫోను కాపలా అతనిది.

"నా కారు కూడా టైర్ల మీదే వచ్చింది కదా" అన్నాడు.

మైసూన్ అతన్ని కిందనుంచి మీదిదాకా చూసింది. "నువ్వా?"

"వేగంగా వెళ్ళాలని నిబంధనలో ఎక్కడా లేదు. చదివాను."

అబూ హైసమ్ జియాద్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లు చూశాడు, బెల్టు లాగి చూశాడు, లైసెన్సు అటూ ఇటూ తిప్పాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆ కారులో సక్రమంగా లేనిది ఏదీ ఎప్పుడూ లేదు. "హెల్మెట్?" అన్నాడు చివరికి.

అది లేదు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతలో గస్సాన్ జనంలోంచి వచ్చి తన హెల్మెట్ తీసి అన్న తల మీద బోర్లించి, గడ్డం కింద పట్టీ బిగించాడు.

"నా వంతు మధ్యాహ్నం. అందులో చెమట కార్చకు అన్నయ్యా. మూడో మలుపులో రోడ్డు లోపలికి వాలుతుంది, అక్కడ బ్రేకు వేయకు."

"బ్రేకు వేసే అవసరం రానివ్వను" అన్నాడు జియాద్.

అలా ఐదుగురయ్యారు.

ముందు జియాదే వెళ్ళాడు. కారు కదిలిన పద్ధతి చూసి జనం ఏదో పాడైందనుకున్నారు. మొదటి హెయిర్‌పిన్ మలుపు దగ్గర అతను ఇండికేటర్ వేశాడు. కొండ వాలు మీద కూర్చున్న కుర్రకారు ఒక్కసారి కేకలు వేసి చప్పట్లు కొట్టారు. రెండో మలుపుకీ వేశాడు. మూడో మలుపు వచ్చేసరికి కొండ కొండంతా అతని ఇండికేటర్ కోసం ఎదురుచూస్తోంది. పైన గీత దాటగానే, గెలిచినవాడికి కూడా దక్కనంత గోల లేచింది. అతని బడి పిల్లలు "తాబేలు! తాబేలు!" అని గొంతులు చించుకున్నారు.

మైసూన్ వంతు వచ్చింది. ఎండ అప్పటికే రోడ్డును కాల్చేస్తోంది. మొదటి రెండు మలుపులు బాగానే వెళ్ళాయి. ఆ తర్వాత ముందు టైర్లు కీచుమని అరుస్తూ మలుపు బయటికి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తాను అనుకున్నచోటికి కాక పక్కకు పోతోంది. పళ్ళు బిగబట్టి పైకి చేరింది. ఐదుగురిలో మూడో సమయం. దీమా కూడా ఆమెను దాటింది.

ఒక్కొక్కరికీ రెండు పరుగులు, అందులో మెరుగైనదే లెక్క. రెండో పరుగుకు ఇంకా సమయముంది. మైసూన్ కిందికి రాగానే, "జియాద్, సుద్దముక్క ఉందా?" అంది. బడి పంతులు చొక్కా జేబులో సుద్ద ఉండక ఏముంటుంది? ఆమె ముందు చక్రాల అంచున, నేలకు తగిలే భాగం నుంచి పక్కదాకా సుద్దతో అడ్డంగా గీతలు గీసి, మైదానంలో రెండు చుట్లు గట్టిగా తిప్పి వచ్చింది. గీతలు అంచు దాటి పక్కదాకా చెరిగిపోయి ఉన్నాయి. అంటే మలుపులో టైరు మడతపడి తన పక్క మీద నడుస్తోందన్నమాట. అబూ సఖర్ పెళ్ళిరోజున చెప్పిన ఒరుగుడు అదే. పొద్దున గాలి పెట్టేటప్పుడు ఊరి రోడ్ల లెక్క వేసుకుంది, ఈ వేడినీ ఈ వేగాన్నీ కాదు.

కాలి పంపు తీసి ముందు చక్రాలకు గాలి కొట్టింది. మళ్ళీ సుద్ద, మళ్ళీ రెండు చుట్లు. ఈసారి గీత అంచు దాకా మాత్రమే చెరిగింది. పక్కన నిలబడి చూస్తున్న అబూ సఖర్ గడ్డం నిమురుకున్నాడు.

"ఆ సుద్ద ముక్క ఇటివ్వమ్మా" అన్నాడు.

మైసూన్ ఒక్క క్షణం తటపటాయించింది. ఈ విభాగంలో తనను మించగలిగేది ఆయనొక్కడే. అయినా ఆయన తలుపు తెరిచి ఎక్కమనకపోతే తనకీ టైర్లే లేవు. సుద్ద ఇచ్చింది. పంపు కూడా ఇచ్చింది.

రెండో పరుగులో కారు చెప్పిన మాట వింది. మలుపు రాకముందే తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు ముగించి, టైర్లకు ఒక్కసారి ఒక్క పనే చెప్పింది. ఆపడమో, తిప్పడమో, లాగడమో. అరుపు తగ్గింది. మూడో మలుపులో రోడ్డు వాలును ఆసరా చేసుకుని అలా జారుకుంటూ బయటపడింది. పైకి వచ్చేసరికి రబ్బరు వేడెక్కి మెత్తబడటం సీటులోంచి తెలుస్తోంది. ఆఖరి మలుపు దగ్గర ఆత్రపడి తొక్కకుండా, అరచేతుల్లో పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు స్టీరింగ్‌ను పట్టుకుని గీత దాటింది. దీమా కంటే ముందు, ఫవ్వాజ్ కంటే ముందు.

తర్వాత అబూ సఖర్ వెళ్ళాడు. పైన సమయం రాసే పలక మీద అంకె పడగానే అందరూ మెడలు చాచారు. మైసూన్ కంటే రెప్పపాటు తక్కువ. టాక్సీ గెలిచింది. మైసూన్ రెండో స్థానం.

గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించిన మాట నిజం. కిందటేడు ఆ మెత్తటి టైర్ల మీద వచ్చిన సమయం కంటే కూడా నాలుగు సెకన్లు వెనక. ఆ నాలుగు సెకన్లు ఎక్కడికి పోయాయో ఆమెకు తెలుసు. శీతాకాలమంతా తడి మలుపుల దగ్గర వాటిని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంది. ఆ బేరం ఆమెకు నచ్చింది.

గస్సాన్ సాయంత్రం వచ్చాడు. తన విభాగంలో ఐదో స్థానంలో వచ్చినా కాలరెగరేశాడు. "నీ కంటే ఆరు సెకన్లు ముందొచ్చాను వదినా!"

"ట్రక్కు మీద వచ్చావురా. దాని సమయం కూడా కలుపుకో."

పోటీ జరిగినంతసేపూ జియాద్ దగ్గరున్న ఫోను ఒక్కసారే మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. చూస్తే ఉమ్ జియాద్. ఎవరు గెలిచారని కాదు, వచ్చేటప్పుడు పెరుగు తెమ్మని.

మైదానం ఖాళీ అవుతోంది. అబూ సఖర్ గెలుచుకున్న కప్పును టాక్సీ ముందద్దం దగ్గర నిలబెట్టి, కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇర్బిద్! ఇర్బిద్! ఇంకొక్క సీటు!" అని కేక వేస్తున్నాడు. పోటీ చూసిన కుర్రాళ్ళు గెలిచిన బండిలో ఇంటికెళ్ళాలని తోసుకుంటున్నారు.

మైసూన్ తన కారు తాళాలు తీసుకోబోతూ ఆగి, సామాను సర్దిస్తున్న అబూ హైసమ్ దగ్గరకు వెళ్ళింది.

"ఇంకో పోటీ నవంబరులో పెట్టండి."

"నవంబరులోనా? వాన పడుతుందమ్మా!"

"పడాలి. మావి రోజూ తిరిగే టైర్లు. వానలో ఏ పాటివో తేలకపోతే సగం పోటీ జరిగినట్టే."

"తడి రోడ్డు మీదకు నీ మరిది లాంటివాళ్ళు ఎవరూ రారు."

"రాకపోతే ఇంట్లో కూర్చుని టీ తాగుతారు. మేం వస్తాం."

అబూ హైసమ్ మీసం సర్దుకున్నాడు. "చూద్దాం" అన్నాడు. కాదనలేదు కాబట్టి, మైసూన్ ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఆయన ఆఫీసు మెట్లెక్కింది. తారీఖు చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు.